టాన్సిల్స్ తీయించాక కూడా పిల్లాడు గురక పెడుతుంటే ఏం చేయాలి

మా బాబుకి ఆరేళ్ళు. నిద్రలో వాడికి ఊపిరి ఆగి ఆగి వస్తోందని, దాన్నే స్లీప్ ఆప్నియా అంటారని తెలిశాక మే నెలలో టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ రెండూ తీయించాం. ఆ తర్వాత నెలన్నర పాటు మా ఇంట్లో రాత్రిళ్ళు ఎంత నిశ్శబ్దంగా ఉండేవంటే, నాకే అనుమానం వచ్చి వాడి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసుకునేదాన్ని. జూలై ఆఖర్లో వానలు ముదిరాక ఒక రాత్రి మళ్ళీ గుర్రు వినిపించింది. మా అత్తగారు "ఆపరేషన్ చేయించేశారు కదమ్మా, ఇంకేటి భయం" అన్నారు. నేనూ అదే అనుకుని మూడు వారాలు పోగొట్టాను. ఆ మూడు వారాలు మీరు పోగొట్టుకోకూడదనే ఇది రాస్తున్నాను.

ఆపరేషన్ చాలామంది పిల్లలకి పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. కానీ అందరికీ పూర్తిగా పనిచేయదు. అమెరికాలో 5 నుంచి 9 ఏళ్ళ పిల్లలు 464 మంది మీద చేసిన పెద్ద పరిశోధన ఒకటి 2013లో వచ్చింది. అందులో వెంటనే ఆపరేషన్ చేసిన పిల్లల్లో ఏడు నెలల తర్వాత నిద్ర పరీక్ష (రాత్రి నిద్రలో ఊపిరి ఎలా ఉందో చూసే పరీక్ష) మామూలుగా వచ్చింది 79 శాతం మందికి. మిగతావాళ్ళకి ఎంతోకొంత మిగిలింది. బరువు ఎక్కువున్న పిల్లలకి, ఆపరేషన్‌కి ముందే జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ళకి, ముక్కు అలర్జీ, ఉబ్బసం ఉన్నవాళ్ళకి, దవడ చిన్నగా ఉన్నవాళ్ళకి, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకి మిగిలే అవకాశం ఎక్కువ. మీ పిల్లలకి వీటిలో ఏదైనా ఉంటే మొదటి నుంచే కనిపెట్టుకుని ఉండండి.

మందు ఎంత ఇవ్వాలి, తర్వాత ఏ వైద్యం చేయాలి అన్నది మీ డాక్టర్ చెప్పాలి. ఇంట్లో మనం చేయాల్సిన పని వేరే ఉంది, అది ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. నేను రాసేది అది.

మొదటి పదిహేను రోజులు

గొంతు వెనక రెండు పక్కలా తెల్లగా, పసుపుగా పొర కడుతుంది. చూసి చీము పట్టిందని హడలిపోకండి, మానుతున్న పుండు మీద కట్టే పొర అది. నోరు వాసన వస్తుంది, అదీ మామూలే. చెవి పోటు అని ఏడిస్తే చెవిలో నూనె చుక్కలు వేయకండి, గొంతు నొప్పే చెవిలోకి లాగుతుంది. గొంతు కాస్త ముక్కుతో మాట్లాడినట్టు మారొచ్చు, తాగిన నీళ్ళు ఒకోసారి ముక్కులోంచి రావొచ్చు, ఎక్కువమందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. మొదటి రెండు మూడు రోజులు 100, 101 దాకా వేడి ఉండొచ్చు, 102కి వెళ్తే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

నీళ్ళు తాగించడమే పెద్ద పని. మింగితే నొప్పి అని తాగడు, తాగకపోతే గొంతు ఎండి నొప్పి ఇంకా పెరుగుతుంది. నేను ఉగ్గుగిన్నె తీసి పది నిమిషాలకి రెండు గుక్కలు చొప్పున పట్టాను. మన శ్రీకాకుళం వైపు చోడి (రాగి) అంబలి ఉండనే ఉంది, వడగట్టి, చల్లారబెట్టి, మజ్జిగ కలిపి పలచగా ఇస్తే గొంతులోంచి జారిపోతుంది. మజ్జిగ మరీ పుల్లగా ఉండకూడదు, మంట పుడుతుంది. కొబ్బరి నీళ్ళు, చల్లటి పాలు, ఐస్‌క్రీమ్, మెత్తగా పిసికిన పెరుగన్నం పెట్టొచ్చు. ఎండాకాలం ఆపరేషన్ అయితే లేత తాటిముంజెలు తొక్క తీసి పెట్టండి, మా వాడు ఐదో రోజు తిన్న మొదటి గట్టి వస్తువు అదే. జంతికలు, అప్పడాలు, చింతపండు పులుసు, పచ్చళ్ళు, నిమ్మరసం రెండు వారాలు పక్కన పెట్టండి. పుచ్చకాయ రసం, రోజ్ మిల్క్ లాంటి ఎర్రటివి కూడా ఇవ్వకండి, వాంతి చేసుకుంటే రక్తమో రసమో తెలీక మనం హడలిపోతాం. ఎనిమిది గంటలు దాటినా ఒంటేలు పోయకపోతే, ఏడ్చినా కన్నీళ్ళు రాకపోతే ఒంట్లో నీరు తగ్గిపోయిందని అర్థం, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

నొప్పి మందు గురించి కాస్త ఎక్కువే చెప్తాను, తప్పులు ఎక్కువ జరిగేది అక్కడే. పారాసెటమాల్ సిరప్ మామూలుగా కిలో బరువుకి 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన రాస్తారు. మా వాడు 18 కిలోలు, అంటే ఒక్కసారికి 180 నుంచి 270. ఈ సిరప్ మెడికల్ షాపులో ఒకటి కంటే ఎక్కువ బలాల్లో దొరుకుతుంది, 5 మిల్లీలీటర్లలో 120 ఉండేది ఒకటి, 250 ఉండేది ఒకటి. పాత సీసా కొలతతో కొత్త సీసా పోస్తే డోసు సగమైనా అవుతుంది, రెట్టింపైనా అవుతుంది. సీసా మీద అంకె చదివి, చీటీలో రాసిన అంకెతో కలిపి చూసుకుని, మందుతో వచ్చిన కొలత కప్పుతోనే పోయండి, వంటింటి చెంచాతో కాదు. మొదటి నాలుగైదు రోజులు వాడు ఏడ్చేదాకా ఆగకుండా, డాక్టర్ చెప్పిన వ్యవధిలో గడియారం చూసుకుని ఇవ్వండి. నొప్పి మూడో రోజు నుంచి ముదురుతుంది, పొర ఊడే రోజుల్లో మళ్ళీ ఒకసారి తిరగబెడుతుంది. తగ్గుతోంది కదా అని మూడో రోజే మందు ఆపేసి నేను బాధపెట్టాను వాణ్ణి.

ఇవ్వకూడనివి కూడా ఉన్నాయి. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రామడాల్ అనే నొప్పి మందు పిల్లలకి ఇవ్వనే కూడదు. కొందరి ఒంట్లో కోడీన్ చాలా తొందరగా మార్ఫిన్‌గా మారిపోయి ఊపిరి మందగిస్తుంది. అసలే నిద్రలో ఊపిరి ఆగే పిల్లలు వీళ్ళు. టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత పిల్లలకి కోడీన్ వద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లోనే గట్టిగా హెచ్చరించింది, 2017లో పన్నెండేళ్ళలోపు వాళ్ళకి రెండు మందులూ వద్దంది. మగత తెచ్చే జలుబు సిరప్‌లు కూడా అడగకుండా పట్టొద్దు. ఆస్పిరిన్ వద్దు. ఐబూప్రొఫెన్ ఆపరేషన్ చేసిన డాక్టర్ సరే అంటేనే.

ఇక రక్తం. మొదటి 24 గంటల్లో ఒకసారి, ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య పొర ఊడేటప్పుడు ఇంకోసారి ఆ ప్రమాదం ఉంటుంది. ఎర్రటి రక్తం ఉమ్మితే, కాఫీ ముద్దలా నల్లగా వాంతి చేసుకుంటే, రాత్రి నిద్రలో మాటిమాటికీ గుటకలు మింగుతుంటే ఆలోచించకండి. పిల్లాణ్ణి నిటారుగా కూర్చోబెట్టి, తల కాస్త ముందుకి వంచి, వచ్చింది మింగకుండా ఉమ్మించండి, తినడానికి ఏమీ పెట్టకండి, 108కి ఫోన్ చేయండి. కాసేపటికి ఆగిపోయినా సరే ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. అందుకే ఆ రెండు వారాలు పెళ్ళిళ్ళకి, అమ్మవారి పండగలకి దూరపు ఊళ్ళు పెట్టుకోకండి. మా ఆడపడుచు కూతురి పెళ్ళి ఎనిమిదో రోజున పడింది. మందస దగ్గర ఊరు, మాకు దూరం. నేను, బాబు ఆగిపోయాం. మాట పడ్డాను, పడితే పడ్డాను.

ఇంకో మాట. పుండు తొందరగా మానాలని వేలికి మిరియాల పొడో, ఉప్పో రాసి గొంతులో నొక్కించే అలవాటు ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో ఉంది. "కొండనాలుక దిగింది, నొక్కిస్తే పోతుంది" అంటారు. కొండనాలుక వేరు, టాన్సిల్స్ వేరు. పచ్చిపుండు మీద వేలు పెట్టనివ్వకండి, పెద్దవాళ్ళు ఎంత ప్రేమతో అన్నా సరే.

గురక ఎన్నాళ్ళు ఉంటే అనుమానించాలి

ఆపరేషన్ అయిన వెంటనే గొంతు లోపల వాచి ఉంటుంది కాబట్టి మొదటి రెండు మూడు వారాలు గురక ఉండొచ్చు, ఒకోసారి ముందు కంటే గట్టిగా కూడా వస్తుంది. అది చూసి ఆపరేషన్ దండగైందని కుంగిపోకండి. ఆ రోజుల్లో తల వైపు పరుపు కొంచెం ఎత్తు చేసి, పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఎత్తు దిండు పెట్టొద్దు, మెడ ముందుకి వంగితే గొంతు ఇంకా ముడుచుకుంటుంది. నేను పరుపు కింద మడత దుప్పట్లు పెట్టాను. వీపు వెనక పాత చీర చుట్టగా చుట్టి పెడితే వెల్లకిలా తిరగడు.

పెదాలు నీలంగా మారడం, ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల మధ్య, మెడ గుంటలో చర్మం లోపలికి పోవడం, లేపితే లేవకపోవడం, ఇవి కనిపిస్తే మాత్రం ఏ వారమైనా సరే వెంటనే 108.

ఆరు వారాలు దాటాక కూడా వారంలో మూడు రాత్రులో అంతకంటే ఎక్కువో గురక పెడుతుంటే దాన్ని తేలిగ్గా వదలకూడదు. జలుబు చేసినప్పుడు రెండు రాత్రులు గుర్రుమంటే అది వేరే సంగతి. గురక ఒక్కటే చూడకండి. నోరు తెరుచుకునే పడుకుంటున్నాడా, మెడ వెనక్కి విరిచి పడుకుంటున్నాడా, ఫ్యాన్ కింద కూడా తల చెమటతో తడిసిపోతోందా, ఆగిపోయిన పక్క తడపడం మళ్ళీ మొదలైందా, పొద్దున్నే తలనొప్పి అంటున్నాడా, బడిలో కుదురుగా ఉండటం లేదని ఫిర్యాదు వస్తోందా. పెద్దవాళ్ళు నిద్ర చాలకపోతే తూలుతారు, పిల్లలు అలా కాదు, ఇంకా గెంతుతారు, చిన్నదానికే చిరాకుపడతారు. మా వాడి విషయంలో నేను మొదట పట్టుకున్నది గురకని కాదు, చెమటని. పొద్దున దిండు గలీబు పిండితే నీళ్ళు వచ్చేంత తడి.

తెల్లవారుజామున లేవండి

ఈ రాతలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి. పిల్లలకి ఊపిరి ఆగడం ఎక్కువగా కలలు కనే నిద్రలో జరుగుతుంది, ఆ నిద్ర రాత్రి చివరి భాగంలో ఎక్కువ. మనమేమో పది గంటలకి పడుకోబెట్టి, పదకొండు దాకా చూసి, "బాగానే ఉన్నాడు" అనుకుని పడుకుంటాం. నేను చేసిన తప్పు అదే. మూడు నుంచి ఐదు గంటల మధ్య అలారం పెట్టుకుని లేచి చూడండి.

ఎలా చూడాలంటే, చొక్కా విప్పి లేదా పైకి మడిచి, ఛాతీ, పొట్ట, నోరు మూడూ కనిపించేలా పక్కన కూర్చోండి. ఛాతీ, పొట్ట కలిసి లేచి కలిసి దిగాలి. ఒకటి లేస్తుంటే ఇంకొకటి దిగుతుంటే, తక్కెడ పళ్ళేల్లా, గొంతు దగ్గర దారి మూసుకుపోయి గాలి కోసం పెనుగులాడుతున్నాడని అర్థం. గురక మధ్యలో ఒక్కసారి ఆగి, ఛాతీ కదులుతూనే ఉండి, ముక్కు దగ్గర గాలి మాత్రం రాకుండా, తర్వాత ఒక్కసారి ఎగపీల్చి కదిలితే అదే ఆప్నియా. పెద్దవాళ్ళకి పది సెకన్లు ఆగితేనే లెక్కలోకి తీసుకుంటారు. పిల్లలకి అలా కాదు, రెండు శ్వాసలు పట్టేంత సేపు ఆగినా లెక్కే. ఆరేళ్ళ పిల్లాడికి అది ఐదారు సెకన్లు. మీరు "ఏమో, ఒక్క క్షణమే కదా" అనుకుంటే జారిపోతుంది. నేను నా ఊపిరి వాడి ఊపిరితో కలిపి పీల్చి చూసేదాన్ని, నేను రెండుసార్లు పీల్చేలోపు వాడికి ఒక్కసారీ రాకపోతే చీటీ మీద గీత గీసేదాన్ని.

ఫోన్‌లో వీడియో తీయండి. చిన్న లైటు వెలిగించి, శబ్దం పట్టేలా ఫ్యాన్ ఒక్క మూడు నిమిషాలు ఆపి, ఫోన్ కదలకుండా దేనికైనా ఆనించి, రెండు మూడు నిమిషాల చొప్పున మూడు వేర్వేరు రాత్రులవి తీయండి. మనం మాటల్లో వంద చెప్పినా, డాక్టర్ ఆ వీడియో ఒకటి చూస్తే చాలా తెలుస్తుంది. వీడియోతో పాటు రెండు వారాలు ఒక నోటుబుక్కులో తేదీ వేసి గురక, చెమట, పక్క తడపడం, పొద్దున మూడ్ ఒక్కో మాటలో రాయండి, పాత క్యాలెండర్ గడుల్లో రాసినా చాలు.

పగలు మెలకువగా ఉన్నప్పుడు వేలికి ఆక్సిమీటర్ పెట్టి 98 వచ్చిందని ధైర్యపడకండి. మెలకువలో వచ్చే అంకె రాత్రి సంగతి చెప్పదు. రాత్రి పెట్టినా అంకె బాగానే ఉండి నిద్ర మాత్రం ముక్కలైపోతుండొచ్చు.

డాక్టర్ దగ్గర

ఆపరేషన్ చేసిన ఈఎన్టీ డాక్టర్ దగ్గరికే ముందు వెళ్ళండి, పాత కాగితాలన్నీ పట్టుకుని. నేను చూపించిన ఒక చోట "పెద్దయితే పోతుందమ్మా" అని రెండు నిమిషాల్లో పంపేశారు. నేను వీడియో తీసుకెళ్ళలేదు, సరిగ్గా అడగనూ లేదు. రెండోసారి ఇంకో చోటికి వెళ్ళినప్పుడు చీటీ మీద రాసుకుని అడిగాను. అడినాయిడ్స్ మళ్ళీ పెరిగాయా? ముక్కు అలర్జీ ఉందా? అంగిలి ఇరుకుగా ఉందా, పళ్ళ డాక్టర్‌కి చూపించాలా? నాలుక వెనక భాగం అడ్డుపడుతోందా? నిద్ర పరీక్ష మళ్ళీ ఎప్పుడు చేయించాలి? ఈ ఐదూ అలాగే అడగండి.

శ్రీకాకుళంలో రిమ్స్, విజయనగరం దగ్గర నెల్లిమర్లలో మిమ్స్, విశాఖలో కేజీహెచ్, పెదవాల్తేరు ప్రభుత్వ ఈఎన్టీ ఆసుపత్రి, ఇవి మన వైపు వాళ్ళకి తెలిసినవే. బయల్దేరే ముందు ఫోన్ చేసి, పిల్లలకి రాత్రి నిద్ర పరీక్ష చేస్తారా లేదా కనుక్కుని వెళ్ళండి. ఆరోగ్య పథకం కింద ఏది వస్తుందో ఏది రాదో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని ముందే అడగండి, అడ్మిట్ అయ్యాక కాదు.

నిద్ర పరీక్ష రాత్రి

మేము ఆమదాలవలసలో రైలెక్కి విశాఖ వెళ్ళాం. తలకి, కళ్ళ పక్కన, గడ్డానికి, కాళ్ళకి వైర్లు అతికిస్తారు, ఛాతీకి పొట్టకి బెల్టులు కడతారు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం, వేలికి క్లిప్పు. సూది లేదు, నొప్పి లేదు. కానీ చూడ్డానికి భయంగా ఉంటుంది కాబట్టి ముందే చెప్పాలి. నేను వారం ముందు నుంచి పడుకునేటప్పుడు వాడి నుదుటికి, కాళ్ళకి బొట్టు బిళ్ళలు అతికించి ఆడించాను, ఆ రాత్రి వైర్లు పెడుతుంటే "బొట్టు బిళ్ళలే కదమ్మా" అన్నాడు.

ఆ రోజు తలకి నూనె పెట్టొద్దు. ముందు రోజు తలంటు పోసి వదిలేయండి, నూనె ఉంటే వైర్లు అతుక్కోవు. వేళ్ళకి గోళ్ళ రంగు ఉంటే తుడిచేయండి. మధ్యాహ్నం పడుకోనివ్వొద్దు, టీ, కూల్ డ్రింక్ వద్దు. వాడి దుప్పటి, వాడి దిండు తీసుకెళ్ళండి. జలుబుగా ఉంటే ఫోన్ చేసి తేదీ మార్చుకోండి, ఆ రాత్రి వచ్చే అంకెలు నమ్మడానికి ఉండవు.

రిపోర్టులో ఏహెచ్ఐ అని ఒక అంకె ఉంటుంది, గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా తగ్గింది అన్నది అది. పెద్దవాళ్ళకి 5 లోపు ఉంటే మామూలు అంటారు. పిల్లలకి 1 లోపు ఉండాలి. 1 నుంచి 5 దాకా తేలికపాటి, 5 నుంచి 10 మధ్యస్థం, 10 దాటితే తీవ్రం. మా వాడికి ఆపరేషన్‌కి ముందు 14, తర్వాత 4.2. కాగితం ఇచ్చినాయన "నార్మలే" అన్నారు, పెద్దల లెక్కలో అది నార్మలే. పిల్లల డాక్టర్ చూసి ఇంకా మిగిలి ఉందన్నారు. కాబట్టి పరీక్షకి ముందే "పిల్లల లెక్క ప్రకారం చూస్తారా" అని అడగండి, తర్వాత ఆ కాగితం పిల్లల నిద్ర సంగతి తెలిసిన డాక్టర్‌కి చూపించండి.

తర్వాత వైద్యం ఎలా నడుస్తుంది

తేలికగా మిగిలినవాళ్ళకి చాలాసార్లు ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే రాస్తారు, కొందరికి మాంటెలుకాస్ట్ మాత్ర. స్టెరాయిడ్ అన్న మాటకి టెన్షన్ పడిపోయి మానేయకండి, ముక్కు లోపల మాత్రమే పడే చిన్న మోతాదు అది. ముందు ఉప్పు నీటి చుక్కలు వేసి ముక్కు చీదించండి. తల కాస్త ముందుకి వంచాలి, వాడే కొట్టుకుంటే కుడి ముక్కులో ఎడమ చేత్తో, ఎడమ ముక్కులో కుడి చేత్తో, ఎవరు కొట్టినా మొన చెవి వైపుకి పెట్టి కొట్టాలి. మధ్యగోడ మీద కొడితే ముక్కులోంచి రక్తం కారుతుంది. గట్టిగా ఎగపీల్చొద్దు, గొంతులోకి పోతుంది. వారంలో ఫలితం ఆశించకండి, వారాల తరబడి రోజూ వాడాలి. మాంటెలుకాస్ట్ వేసుకున్న పిల్లల్లో కొందరికి పీడకలలు, చిరాకు, దిగులు రావొచ్చు, 2020లో దీని మీద అమెరికాలో హెచ్చరిక పెద్దది చేశారు. మారిన ప్రవర్తన ఏది కనిపించినా డాక్టర్‌కి వెంటనే చెప్పండి.

మిగిలింది ఎక్కువైతే సీప్యాప్ అనే మిషన్ పెడతారు. మాస్కులోంచి మెల్లగా గాలి ఒత్తి గొంతు మూసుకుపోకుండా పట్టి ఉంచుతుంది. మా అప్ప (అక్క) కూతురు విజయనగరంలో ఉంటుంది, తొమ్మిదేళ్ళు, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్ల, ఆపరేషన్ తర్వాత కూడా తగ్గక మిషన్ వాడుతోంది. మొదటి రాత్రే మాస్కు మొహానికి కట్టేస్తే ఏ పిల్లైనా పీకి పారేస్తుంది. మా అప్ప నెల పట్టించింది. మొదటి వారం మాస్కు ఆటవస్తువు, బొమ్మకి పెట్టింది, తను పెట్టుకుంది, వాళ్ళ నాన్నకి పెట్టింది. తర్వాత గొట్టం లేకుండా పిల్ల మొహానికి ఒక్క నిమిషం, టీవీ చూస్తూ ఐదు నిమిషాలు. ఆ తర్వాత గాలి వదిలి పగలు. ఆఖర్న రాత్రి. బలవంతంగా పట్టుకుని పెట్టిన రోజు మళ్ళీ మొదటికి వస్తుందట. మాస్కు రోజూ తేలికపాటి సబ్బుతో కడిగి నీడన ఆరబెట్టాలి, నీళ్ళ డబ్బాలో రోజూ నీళ్ళు మార్చాలి. ముక్కు మీద ఎర్రగా ఒత్తుకుంటే పట్టీ బిగువు చూసుకోవాలి.

మన వైపు ఇంకో చిక్కు కరెంటు. 2018లో తిత్లీ తుపాను పలాస వైపు ఎన్ని రోజులు చీకట్లో ఉంచిందో మరిచిపోయేది కాదు. మిషన్ ఉన్న ఇంట్లో ఇన్వర్టర్ ముందే చూసుకోండి, కరెంటు పోయినప్పుడు నీళ్ళు వేడిచేసే భాగం ఆపేస్తే బ్యాటరీ ఎక్కువ సేపు వస్తుంది. మిషన్ ఆగిపోతే మాస్కు తీసేయండి, గాలి లేని మాస్కు మొహం మీద ఉంచకూడదు. పక్కకి తిప్పి, తల వైపు ఎత్తు చేసి పడుకోబెట్టి, వంతులవారీగా కనిపెట్టుకోండి. తుపాను హెచ్చరిక వస్తే ఎన్ని రోజులు అలా నెట్టుకురావచ్చో డాక్టర్‌ని ముందే అడిగి ఉంచుకోండి.

నిద్రలో నోటికి టేపు అతికిస్తే ముక్కుతో పీలుస్తారని ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. ఈ పిల్లలకి అది ప్రాణాపాయం. చేయకండి.

ఇంట్లో మార్చాల్సినవి

పొగ. మందు ఎంత వాడినా ఇంట్లో పొగ ఉంటే ముక్కు లోపలి వాపు తగ్గదు. కట్టెల పొయ్యి, దోమల చుట్ట, తలంటు తర్వాత పెట్టే సాంబ్రాణి పొగ, అగరబత్తి, అన్నీ కలిసి ఒకటే గదిలో. మేము దోమతెరకి మారాం. మా ఇంట్లో కష్టమైంది మామ్మ అడ్డపొగ. మా శ్రీకాకుళం వైపు పెద్దావిడలకి నిప్పు నోట్లోకి పెట్టుకుని చుట్ట కాల్చడం యాభై ఏళ్ళ అలవాటు, మానేయమంటే మానేస్తారా. వీధి అరుగు మీద కాల్చుకుని, చీర మార్చుకుని వాడి దగ్గరికి రమ్మన్నాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు వాడికి వీడియో తీస్తుంటే చూసి, వాడి ఛాతీ లోపలికి పోవడం చూసి, ఏమీ అనకుండా అగ్గిపెట్టె అరుగు మీద పెట్టేసింది.

బరువు. ఆపరేషన్ అయ్యాక ఆకలి తెరుచుకుని పిల్లలు బరువు పెరుగుతారు. బక్కగా ఉన్నవాళ్ళకి అది మంచిదే. అప్పటికే బొద్దుగా ఉన్నవాళ్ళకి మాత్రం గురక తిరిగి రావడానికి అదొక దారి, నెలకోసారి తూచి రాయండి. తిండి కోసేయకండి, చిప్స్, బిస్కెట్లు, కూల్ డ్రింకులు ఆపి సాయంత్రం వీధిలో ఆడనివ్వండి.

బడిలో టీచర్‌కి చెప్పండి. ఆప్నియా అన్న మాట అక్కర్లేదు, "మా వాడికి రాత్రి నిద్ర సరిగ్గా పట్టని జబ్బు ఉంది, వైద్యం జరుగుతోంది, మగతగా ఉన్నా, మరీ అల్లరి చేసినా కొట్టకుండా నాకు ఫోన్ చేయండి" అంటే అర్థం చేసుకుంటారు. పక్క తడిపినందుకు ఇంట్లో ఎవరూ నలుగురి ముందు అనకూడదని గట్టిగా చెప్పాను, అది వాడి చేతిలో లేదు.

ఇక ముందు పన్ను తీయించాలన్నా, చెయ్యి విరిగి కట్టు కట్టించాలన్నా, మత్తు ఇచ్చే ప్రతిచోటా పిల్లాడికి స్లీప్ ఆప్నియా ఉందని, టాన్సిల్స్ తీసినా మిగిలి ఉందని ముందుగా చెప్పాలి. వాళ్ళు అడగకపోయినా చెప్పాలి. నేను ఆ మాట, రెండు రిపోర్టుల అంకెలు, తేదీలు ఒక కాగితం మీద రాసి ఆధార్ కార్డు కవర్లోనే పెట్టాను, నేను పక్కన లేనప్పుడు వాళ్ళ నాన్న చేతికో, మామ్మ చేతికో అదే దొరకాలని. స్ప్రే మొదలుపెట్టి ఇప్పటికి పదకొండో వారం. వారంలో రెండు రాత్రులు ఇంకా మూడున్నరకి అలారం పెట్టుకుంటున్నాను. చీటీ మీద గీతలు మొదట్లో రాత్రికి తొమ్మిది, పది ఉండేవి, మొన్న శనివారం రెండు. సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ విశాఖలో పరీక్ష ఉంది.